పార్సిల్ కదిలాక పలకరింపు

జమ్మలమడుగు పక్కన మోరగుడిలో నేసే పట్టుచీర ఒకటి డాలస్‌లో ఉన్న మన అమ్మాయి ఆన్‌లైన్‌లో కొన్నదనుకుందాం. కార్డుతో డబ్బు కట్టేసింది. అక్కడి నుంచి పార్సిల్ చేతికి అందేదాకా ఆమెకు కనిపించేది బ్యాంకు పంపిన మెసేజ్ ఒక్కటే. అంగడి కనిపించదు, అమ్మినవాళ్ళ ముఖం తెలియదు, చీర ఇప్పుడు ఏ ఊర్లో ఉందో తెలియదు. రెండో రోజుకు అనుమానం, వారానికి కోపం, పది రోజులకు బ్యాంకుకు ఫిర్యాదు. ఇక్కడ మోరగుడిలో మాత్రం పొద్దున లేచింది మొదలు ఇంటిల్లిపాదీ ఆ చీర పని మీదే ఉంటారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఇక్కడి మాట అక్కడికి చేరవేసే దిక్కు లేదు, అంతే.

ఆ చేరవేసే పనిని ఇప్పుడు కంప్యూటరుకు అప్పగించవచ్చు. ఆర్డరు పడగానే ఒకటి, పార్సిల్ కదలగానే ఒకటి, చేరిన మూడు రోజులకు ఒకటి, ఇలా ముందే రాసిపెట్టుకున్న ఈమెయిళ్ళు వాటంతట అవే వెళ్తాయి. షాపిఫై, జోహో, మెయిల్‌చింప్ లాంటివి ఈ సౌకర్యం ఇస్తాయి. ఏ ఘడియకు ఏది పంపాలో చూసుకోవడం వరకే యంత్రం పని, రాయాల్సింది మనిషి. చాలామంది ఆ రాతను కూడా కంపెనీ ఇచ్చిన నమూనా నుంచి ఉన్నదున్నట్టు దించేస్తారు. దాంతో ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఉత్తరానికీ పారిస్ నుంచి వచ్చే ఉత్తరానికీ తేడా ఉండదు.

ప్రొద్దుటూరు బజారు తెలిసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. బంగారు వ్యాపారంతో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు అది. పోయిన నెల గాజులు కొన్నామె వీధిలో ఎదురైతే, పాతకాపు వ్యాపారి కొత్త సరుకు వచ్చిందని మొదలుపెట్టడు. "గాజులు సరిపోయినాయామ్మా? చెయ్యి ఒరుసుకోలేదు గదా?" అని అడుగుతాడు. ఒరుసుకుంటుందని ఆమె చెబితే అంగట్లోకి పిలిచి సరిచేసి పంపుతాడు. కొత్త సరుకు మాట ఆమే ఎత్తుతుంది. ఆర్డరు తర్వాత పంపే మెయిల్‌కు ఇంతకు మించిన సూత్రం నాకు కనిపించలేదు. కొన్న మనిషి మనసులో ఆ రోజు ఏ ప్రశ్న ఉందో దానికి జవాబు రాయాలి.

అందరికీ ఈమెయిల్ అక్కర్లేదని కూడా ముందే చెప్పుకోవాలి. ప్రొద్దుటూరులోనే ఉన్న మనిషికి మెయిల్ పంపితే చూడకపోవచ్చు. వాట్సాప్ చాలు, ఫోను చేస్తే ఇంకా మేలు. మెయిల్ దూరం ఉన్నవాళ్ళ కోసం. బెంగళూరు, హైదరాబాదు ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు, కువైట్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు రోజంతా మెయిల్ ముందే కూర్చుంటారు. బిల్లు, ట్రాకింగ్ నంబరు, ఉతికే పద్ధతి, తిరిగి పంపే పద్ధతి, ఇవన్నీ ఆరు నెలల తర్వాత వెతుక్కోవాల్సినవి. మెయిల్లో వెతికితే దొరుకుతాయి. వాట్సాప్‌లో అయితే పెళ్ళి ఫొటోల కింద, గుడ్ మార్నింగ్‌ల కింద పూడిపోతాయి. వాట్సాప్ ఖాతా ఏ కారణంగానో ఆగిపోతే పరిచయాలన్నీ దాంతోనే పోతాయి. అడ్రసుల పట్టీ మన దగ్గరుంటే ఆ భయం లేదు.

ఇక రాత సంగతి. మొదటి మెయిల్ ఆర్డరు పడిన నిమిషంలోనే వెళ్ళాలి. మోరగుడి చీరకు అది ఇలా ఉండొచ్చు:

"నమస్తే. మీరు కట్టిన డబ్బు అందింది. ముదురు ఆకుపచ్చ బాడీ, మెరూన్ అంచు పట్టుచీర మీ పేర రాసిపెట్టినాం. అది ఇంకా మగ్గం మీదే ఉంది. 18వ తేదీలోపల పోస్టులో వేస్తాం. ఏమైనా అడగాలంటే దీనికే జవాబు రాయండి, మేమే చదువుతాం."

చీర రంగు, తేదీ రెండూ ఆర్డరులోంచి తీసుకుని యంత్రం నింపుతుంది. మిగతాది మనం ఒకసారి రాసి పెట్టుకున్నది. ఈ వాక్యాల్లో అన్నిటికన్నా బరువైనది తేదీ. "త్వరలో పంపుతాం" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. 18 అని రాస్తే ఆమె 18 దాకా నిశ్చింతగా ఉంటుంది. చివరి వాక్యమూ అంతే ముఖ్యం. జవాబు రాయడానికి వీల్లేని అడ్రసు నుంచి మెయిళ్ళు పంపే అలవాటు పెద్ద కంపెనీలది. రోజుకు పది ఆర్డర్లు వచ్చే ఇంటి వ్యాపారానికి ఆ అలవాటు ఎందుకు? జవాబు రావడమే కదా మనకు కావాల్సింది.

రెండో మెయిల్‌ను దాదాపు ఎవరూ రాయరు. డబ్బు కట్టాక, పార్సిల్ కదలకముందు ఉండే నిశ్శబ్దంలో పంపాల్సినది అది. నేత వస్తువుకు ఈ నిశ్శబ్దం పొడుగు. కానీ చెప్పుకోవడానికి ఈ రోజుల్లో ఉన్నన్ని సంగతులు మరెప్పుడూ ఉండవు. పడుగు ఎక్కింది, అంచు పడింది, కొంగు దగ్గరికి వచ్చింది. మగ్గం మీద సగం నేసిన చీర ఫొటో ఒకటి, దాని కింద రెండు వాక్యాలు చాలు. డాలస్‌లో ఉన్నామె ఆ ఫొటోను వాళ్ళమ్మకు పంపుతుంది. చీర అందేలోపే పదిమందికి చూపించుకుంటుంది.

ఆలస్యమైనప్పుడు రాసే మెయిల్ కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. గుంత మగ్గాలకు వానాకాలం గండం. గుంతలో నీళ్ళు ఊరితే నేత ఆగిపోతుంది. ఆ సంగతి యంత్రానికి తెలియదు కాబట్టి దీన్ని మాత్రం మనిషే మీట నొక్కి పంపాలి. "మూడు రోజులుగా వాన. మగ్గం గుంతలోకి నీళ్ళు వచ్చినాయి. ఆరేదాకా నేత సాగదు. 18 అని చెప్పినాం, 23 అవుతుంది. అంతవరకు ఆగలేమంటే చెప్పండి, డబ్బు వెనక్కి పంపుతాం." ఇందులో పదిసార్లు క్షమించమని వేడుకోలేదు, పరిస్థితులు అనుకూలించలేదని దాటవేయనూ లేదు. కారణం ఉంది, కొత్త తేదీ ఉంది, ఆమె చేతికి ఒక దారి ఉంది. అయితే ఇది పంపిన రోజే ఇంకో పని చేయాలి. 18వ తేదీకి "మీ చీర బయలుదేరింది" అని వెళ్ళాల్సిన మెయిల్‌ను ఆపాలి. ఆపకపోతే ఇంట్లో తడి మగ్గం, ఆమె మెయిల్లో బయలుదేరిన చీర. ఒక్కసారి ఇలా జరిగితే ఆ తర్వాత రాసే నిజాలను కూడా ఎవరూ నమ్మరు. అందుకే బయలుదేరిందనే మెయిల్‌ను తేదీకి ముడిపెట్టకుండా, ట్రాకింగ్ నంబరు నమోదైన ఘట్టానికి ముడిపెట్టడం మంచిది.

పార్సిల్ అందాక డబ్బు కట్టేవాళ్ళ సంగతి వేరు. పోస్టుమ్యాన్‌కు డబ్బు కట్టి కట్ట విడిపించుకునే వీపీపీలో పుస్తకాలు తెప్పించుకున్న తరానికి తెలుసు, పోస్టుమ్యాన్ వచ్చినప్పుడు ఇంట్లో డబ్బు లేకపోతే కట్ట వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీకి పట్టిన జబ్బూ అదే. రానుపోను కొరియర్ ఖర్చు అమ్మేవాళ్ళ నెత్తిన పడుతుంది. పార్సిల్ చేరడానికి ఒక రోజు ముందు, ఎంత డబ్బు సిద్ధంగా ఉంచాలో చెప్పి, ఎవరైనా ఇంట్లో ఉంటారో లేదో అడిగే చిన్న సందేశం ఆ నష్టంలో కొంతైనా తప్పిస్తుంది. ఇక్కడ మెయిల్‌తోపాటు వాట్సాప్ కూడా పంపాలి.

చీర చేరిన మూడో రోజు మెయిల్‌లో అమ్మకం ఊసు ఎత్తకూడదని నా పట్టుదల. "చీర చేరినట్టు పోస్టాఫీసు చెప్తోంది. మడత విప్పి చూసినారా? మొదటిసారి డ్రై క్లీన్‌కే ఇవ్వండి. జరీ మీద సెంటు పడనీయొద్దు. బీరువాలో పెట్టినా రెండు మూడు నెలలకొకసారి మడత మార్చండి, లేకుంటే మడత కాడ జరీ విరుగుతుంది." నేసినవాళ్ళకు తెలిసిన సంగతి, కొన్నవాళ్ళకు పనికొచ్చే సంగతి. ఇంకో వారం ఆగి, బాగుంటే నాలుగు మాటలు రాయమని అడగొచ్చు. ఆమె ఏదైనా ఫిర్యాదు చేసి ఉంటే మాత్రం వరుసలో ఉన్న మెయిళ్ళన్నీ అక్కడికక్కడే ఆగిపోయేలా యంత్రానికి చెప్పి పెట్టాలి. చిరుగు ఉందని రాసిన మనిషికి మరునాడు "మా చీర మీకు నచ్చిందా? అయిదు నక్షత్రాలు ఇవ్వండి" అని వెళ్తే ఆ అవమానం ఆమె మరిచిపోదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అందినట్టు చెప్పే మెయిల్ యంత్రం పంపవచ్చు. పరిష్కారం మాత్రం మనిషే రాయాలి.

వస్తువు మారితే ఈ లెక్కంతా మారిపోతుంది. పులివెందుల చీనీకాయలు పెట్టెల్లో పెట్టి బెంగళూరుకు అమ్మేవాళ్ళు మూడో రోజు మెయిల్ కోసం ఆగితే ఆలస్యమైపోతుంది. వాళ్ళ ముఖ్యమైన మెయిల్ పెట్టె చేరకముందే వెళ్ళాలి. పెట్టె రాగానే తెరవండి, దెబ్బ తగిలిన కాయ ఉంటే ముందు దాన్ని తీసేయండి, అది పక్కవాటిని పాడుచేస్తుంది, చెడినవి ఉంటే ఇరవై నాలుగు గంటల్లో ఫొటో పంపండి అని రాయాలి. అరటిపళ్ళకైతే ఇంకా తొందర. తర్వాతి మెయిల్ మళ్ళీ కోత మొదలైనప్పుడే. మధ్యలో కాయల్లేని కాలంలో వారం వారం రాసి ఏం లాభం?

బంగారం దగ్గర చిక్కు వేరు. అక్కడ కొన్నవాళ్ళ ప్రశ్న ఒకటే, ఇది నిఖార్సయినదేనా అని. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగలు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తుతోనే అమ్మాలి. ఆ గుర్తును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. నగ పంపిన రోజే ఆ ఆరు అక్షరాలు, సరిచూసుకునే పద్ధతి రాసి మెయిల్ పంపితే అంతకు మించిన ప్రకటన లేదు. బంగారు అంగళ్ళ పేరుతో దొంగ మెయిళ్ళు తయారు చేయడం కష్టమేమీ కాదు కాబట్టి, డబ్బు కట్టమనే లింకు మెయిల్లో ఎప్పుడూ పెట్టకూడదు. "మేము ఓటీపీ అడగం, మెయిల్ లింకు ద్వారా డబ్బు తీసుకోం" అన్న వాక్యం ప్రతి మెయిల్ అడుగునా ఉండాలి.

బుట్టలో వేసుకుని కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళకు రాసే మెయిల్ మీదే అందరికీ ఆశ ఎక్కువ. చెడిపోయేదీ అక్కడే. ఒకరోజు ఆగి ఒకటి, కావాలంటే నాలుగు రోజులకు ఇంకొకటి. ఆపైన వద్దు. ఎందుకు ఆగిపోయారో ఊహించి రాయాలి. చీరకైతే రంగు మీద అనుమానం ఎక్కువమందికి ఉంటుంది. "మీరు చూసిన చీర ఇంకా మా దగ్గరే ఉంది. రంగు సరిగ్గా తెలియాలంటే చెప్పండి, పగటి వెలుతురులో తీసిన ఫొటో పంపుతాం." పది చీరలు ఉండగా "ఒక్కటే మిగిలింది, గంటలో అయిపోతుంది" అని రాయడం అబద్ధం, ఇప్పుడు తప్పు కూడా. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న పదమూడు మోసపు పద్ధతుల్లో లేని తొందర పుట్టించడం ఒకటి. నిజంగా ఒక్కటే చీర ఉంటే, అది మళ్ళీ నేయరని చెబితే చాలు.

పేర్ల దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. విదేశీ సాఫ్ట్‌వేర్లు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు ఇస్తాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, కొందరు పొడి అక్షరాలు రాస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఎంతోమందికి పాస్‌పోర్టులో మొదటి పేరు వెంకట. వాళ్ళ ఇంట్లో ఎవరూ అలా పిలవరు. "ప్రియమైన వెంకట", "హలో వై" అని మొదలయ్యే మెయిల్ చూడగానే ఇది మనిషి రాసింది కాదని తెలిసిపోతుంది. గడి ఖాళీగా ఉంటే పేరుండాల్సిన చోట బ్రాకెట్ల మధ్య కోడ్ కనిపిస్తుంది, అది ఇంకా అన్యాయం. ఆర్డరు ఫారంలోనే "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ఒక గడి పెట్టి, అది ఖాళీ అయితే ఉత్తి "నమస్తే"తో మొదలయ్యేలా చేయాలి. మన అంగళ్ళలో అక్కా, అన్నా, పెద్దమ్మా అని పిలుచుకుంటాం. యంత్రానికి ఎవరు అక్కో ఎవరు అన్నో తెలియదు. ఆ పిలుపును మనం స్వయంగా రాసే జవాబు కోసం దాచుకోవాలి.

వేళ కూడా చూసుకోవాలి. ఇక్కడ పొద్దున పదింటికి పంపితే డాలస్‌లో ముందురోజు రాత్రి పదిన్నర, ఎండాకాలమైతే పదకొండున్నర. ఇక్కడ సాయంత్రం ఏడింటికి పంపితే అక్కడ పొద్దున ఏడున్నరో ఎనిమిదిన్నరో, కువైట్‌లో సాయంత్రం నాలుగున్నర. ఇద్దరూ మెలకువగా ఉండే వేళ అదే. పండగలకు ఇంకా ముందుచూపు కావాలి. ప్రొద్దుటూరు అమ్మవారిశాల దసరా చూసిన కడప మనిషి ఎక్కడున్నా ఆ పది రోజులూ మనసు ఇక్కడే ఉంటుంది. చీర దసరాకు కట్టుకోవాలంటే ఏ తేదీలోపు ఆర్డరు పెట్టాలో నెలన్నర ముందే చెప్పాలి. పండగ రోజు శుభాకాంక్షలు పంపేవాళ్ళు ఎలాగూ చాలామంది ఉంటారు.

మెయిల్ పైన కనిపించే విషయ వాక్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోను తెర మీద ముప్పై నలభై అక్షరాలు దాటితే తెగిపోతుంది, కాబట్టి అసలు సంగతి ముందుండాలి. "ఆర్డర్ నంబర్ 10432 స్థితి" కన్నా "మీ ఆకుపచ్చ చీర ఇవాళ బయలుదేరింది" మేలు. తెలుగులో రాయడానికి వెనుకాడాల్సిన పని లేదు. ఇప్పటి ఫోన్లన్నిటిలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. అక్షరాలను బొమ్మగా చేసి పంపొద్దు. బొమ్మ తెరుచుకోకపోతే ఖాళీ మెయిల్ మిగులుతుంది, తర్వాత వెతికితే దొరకదు. తెలుగు చదవడం రాని పిల్లలు కొంటున్నారనిపిస్తే అడుగున రెండు ఇంగ్లీషు వాక్యాలు చేర్చవచ్చు.

ఎంత బాగా రాసినా స్పామ్‌లో పడితే రాయనట్టే. ఈ బెడద దాదాపు ఈమెయిల్ అంత పాతది. 1978 మేలో అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే అమ్మకాల ఉద్యోగి తన కంపెనీ కంప్యూటర్ల ప్రకటనను ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లో ఒక్కసారిగా నాలుగు వందల మందికి కాస్త తక్కువగా పంపాడు. దాన్నే మొదటి స్పామ్ అంటారు. ఆనాటి నుంచి నడుస్తున్న పోరాటంలో 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. పంపేవాళ్ళు తాము ఫలానా అని రుజువు చేసుకోవాలి. దానికి మూడు ఏర్పాట్లు. మన పేరుతో మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకు హక్కుందో చెప్పే పట్టిక ఎస్‌పీఎఫ్. దారిలో ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ సంతకం డీకిమ్. ఈ రెండూ తప్పితే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. జీమెయిల్‌కు రోజుకు అయిదు వేలకు పైగా పంపేవాళ్ళకు మూడూ తప్పనిసరి. మిగతావాళ్ళకు మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. నా సలహా, అయిదు మెయిళ్ళు పంపినా మూడూ పెట్టుకోండి. ఇవి పెట్టాలంటే సొంత డొమైన్ కావాలి. ఉచిత జీమెయిల్ అడ్రసును ఇలాంటి సాఫ్ట్‌వేర్లో తగిలించి పంపితే సంతకం కుదరక స్పామ్‌కు పోయే ప్రమాదం ఎక్కువ.

స్పామ్ అని నొక్కేవాళ్ళ శాతం 0.3కు చేరకూడదని గూగుల్ చెబుతుంది. వెయ్యి మెయిళ్ళకు ముగ్గురు అన్నమాట. రెండు వందల మందికి పంపే చిన్న వ్యాపారంలో ఒక్కరు నొక్కితేనే అరశాతం. అందుకే ఆపేయండి అనే లింకు పెద్ద అక్షరాల్లో, సులువుగా దొరికేలా ఉండాలి. దారి కనపడక విసిగినవాళ్ళే స్పామ్ మీట నొక్కుతారు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ప్రచార మెయిళ్ళు పంపితే అక్కడి 2003 నాటి చట్టం వర్తిస్తుంది. మెయిల్లో మన పోస్టల్ అడ్రసు ఉండాలి, ఆపమన్నవాళ్ళకు పది పనిదినాల్లో ఆపాలి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి స్పష్టంగా అడిగి తీసుకోవాలని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలన్నది ఆ చట్టం సారం. ఎగ్జిబిషన్ స్టాల్లో పెట్టిన రిజిస్టరు నుంచి, బంధువుల పెళ్ళి గ్రూపు నుంచి అడ్రసులు ఏరి జాబితాలో కలిపేసే అలవాటు మానుకోవాల్సిందే. బిల్లు కోసం ఇచ్చిన అడ్రసుకు బిల్లు, రవాణా సంగతులు పంపండి. కొత్త చీరల కబురు కావాలా అని విడిగా అడగండి.

పంపిన మెయిళ్ళు పనిచేస్తున్నాయా అని చూడటానికి ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్ముకోకండి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన మార్పు వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలోకి వస్తుంది. ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది మళ్ళీ కొన్నారు, "నా చీర ఎక్కడుంది" అని అడిగే ఫోన్లు తగ్గాయా, ఈ మూడూ చూడండి. మూడోది తగ్గితే మొదటి రెండు మెయిళ్ళు సరిగా రాసినట్టు.

ఇంకొక పని మిగిలింది. యంత్రానికి అప్పగించిన ఉత్తరాన్ని మరిచిపోవడం చాలా సులువు. కొరియర్ మారినా పాత ట్రాకింగ్ లింకే వెళ్తుంటుంది, ఫోను నంబరు మారినా పాతదే అడుగున ఉంటుంది, మానేసిన డిజైను పేరు ఇంకా కనిపిస్తుంటుంది. ఉగాదికి ముందొకసారి, దసరాకు ముందొకసారి మన పేరనే ఒక ఆర్డరు పెట్టుకుని, వచ్చిన ప్రతి మెయిల్‌నూ మన ఫోనులో తెరిచి, అందులోని ప్రతి లింకూ నొక్కి చూడాలి. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఒకటి చదవమని ఇచ్చి, వాళ్ళు ఏ వాక్యం దగ్గర ఆగి "ఏమంటాండారు ఇక్కడ?" అని అడుగుతారో ఆ వాక్యాన్ని మళ్ళీ రాయండి.